ఇంటి లెక్కలు: గెనిమ తెగితే ఎవరిది బాధ్యత?

ఈ శీర్షికలో ఇంతవరకూ ఇంటి ఖర్చుల సంగతులు రాస్తూ వచ్చాను. ఈ నెల రాయబోయే ఖర్చు ఏ ఇంటి చిట్టాలోనూ కనిపించదు. అయినా మనలో చాలామంది ఏటేటా పెడుతూనే వున్నాం.

మన కుటుంబాలు వేలూరులో, గుడియాత్తంలో, ఆంబూరులో స్థిరపడి తరాలు గడిచాయి. ఉద్యోగాలు, అంగళ్ళు, మగ్గాలు మన జీవనాధారాలయినాయి. అయినా ఎక్కడో ఒక గుట్ట కింద రెండెకరాలో మూడెకరాలో మెట్టచేను తాతగారి పట్టాలో మిగిలే వుంటుంది. ఏడాదికొకసారి గుత్తడబ్బు వస్తుంది. అది వచ్చిన నాడు తప్ప మళ్ళీ ఆ చేను మనకు గుర్తుకు రాదు. మా యింట్లోనూ అంతే. గుడియాత్తానికి పడమరగా, పేర్ణాంబట్టు దారిలో, మాకు మూడున్నర ఎకరాల ఎర్రచేను వుంది. నాలుగు వాటాలు. మా అన్నగారూ నేనూ, మా పెదనాన్నగారి అబ్బాయి, మా పిన్ని. వేరుశనగ పండుతుంది. పైభాగంలో గుట్ట, దిగువన వంక. ఆ వంక నీరు చివరికి కౌండిన్యలో కలుస్తుంది, కౌండిన్య పాలారులో కలుస్తుంది.

2021 నవంబరు వానలు ఎవరూ మరచిపోయి వుండరు. మోర్ధానా ఆనకట్ట పొంగిపొర్లి కౌండిన్య గుడియాత్తం ఊళ్ళోకి వచ్చింది. గంగమ్మ జాతరనాడు జనంతో నిండే గోపాలపురం ఒడ్డున ఆ రోజు ఎర్రనీళ్ళు తప్ప మరేమీ కనబడలేదు. వంతెన దగ్గర నిలబడి చూసిన వందలమందిలో నేనూ ఒకణ్ణి. నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో అందరమూ చెప్పుకున్నాం. అవి అంత ఎర్రగా ఎందుకున్నాయని ఎవరమూ అడుక్కోలేదు. ఆ ఎరుపులో మా చేను కూడా వుందని నాకప్పుడు తట్టలేదు.

ఆ వారంలోనే మా గుత్తదారు కబురు పంపాడు. పైగెనిమ రెండుచోట్ల తెగింది, వెంటనే వేయించాలి అని. మనం గెనిమ అనేదాన్నే కోస్తావారు గట్టు అంటారు, తమిళంలో వరప్పు అంటారు. నేను అన్నగారికి చెప్పాను. ఆయన పెదనాన్నగారి అబ్బాయిని అడగమన్నాడు. ఆయన, "వచ్చే ఎండాకాలంలో చూద్దాం," అన్నాడు. పిన్నికి ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం వచ్చింది, పోయింది. రెండేళ్ళు అలాగే గడిచాయి.

2024 సంక్రాంతికి గుత్తదారు డబ్బు తెచ్చి, రావలసినదానిలో మూడోవంతు తగ్గించి చేతిలో పెట్టాడు. "చేను పండలేదు సామీ," అన్నాడు. నాకు కోపం వచ్చింది. పండకపోవడమేమిటి, పక్కచేను పండలేదా అని నాలుగు మాటలు అనేశాను. అతను ఏమీ బదులు చెప్పలేదు. "ఒకసారి వచ్చి చూసుకోండి సామీ," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారమే వెళ్ళాను. నాన్నగారు పోయిన తరువాత ఇరవై అయిదేళ్ళలో నేను ఆ చేలోకి దిగడం మూడోసారో నాలుగోసారో. పై హద్దురాయి దగ్గర అతను నన్ను నిలబెట్టాడు. రాయి పైభాగం ఎండకూ వానకూ నల్లబడి వుంది. అడుగున నాలుగు వేళ్ళ వెడల్పున మాత్రం లేత రంగు. అంతమేరా ఒకప్పుడు మట్టిలో వున్న భాగమన్నమాట. పక్కనున్న కానుగచెట్టు వేళ్ళు బయటపడి ముసలివాళ్ళ చేతినరాల్లా వున్నాయి. చేలో అడుగు పెడితే కాలికింద మెత్తని ఎర్రమన్ను లేదు, గరుసు గరగరలాడింది. కింది మూలలో మాత్రం ఒండ్రు మోకాలిలోతున పేరుకొని వుంది. పైచేను కిందికి దిగి వచ్చి కూర్చున్నది.

"గెనిమ నువ్వే వేసివుండవచ్చు గదా?" అన్నాను.

"వచ్చే ఏడు ఈ చేను నాదో కాదో నాకే తెలీదు సామీ. తెలీని చేనికి గెనిమ వేసేవాడెవరు?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాలుగు మాటలు అన్నందుకు అక్కడే క్షమాపణ చెప్పుకున్నాను.

గుమాస్తాగిరి చేసేవాడికి లెక్క చూడకపోతే నిద్ర పట్టదు. అందుబాటులో వున్న పుస్తకాలు తిరగేశాను. మన దేశంలో ఏటా సగటున హెక్టారుకు 16.4 టన్నుల మన్ను కొట్టుకుపోతున్నదని 1983లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. దేశం మొత్తానికి 533 కోట్ల టన్నులు. అందులో నూటికి 29 వంతులు సముద్రం పాలు. 10 వంతులు జలాశయాల్లో పూడిక. మిగిలినది ఒకచోటునుంచి మరొకచోటికి జరిగి, మా కింది మూలలో మాదిరిగా, అక్కరలేని చోట చేరుతుంది.

దీన్ని మన ఇంటి కొలతలోకి మార్చి చూద్దాం. హెక్టారుకు 16.4 టన్నులంటే ఎకరానికి ఆరున్నర టన్నుల పైమాట. బండికి అర టన్ను చొప్పున వేస్తే ఎకరానికి పదమూడు బండ్ల మన్ను. మందంగా చెప్పాలంటే ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఆఫీసు కాగితాలు పది పదకొండు దొంతి పెడితే ఎంతో అంత. ఏడాదికి పది కాగితాలు పోతే ఎవరి కంటికి ఆనుతుంది? కాని ఇరవై అయిదేళ్ళకు అదే ఒక అంగుళం. ఇది దేశమంతటికీ సగటు. గుట్టకింది ఏటవాలు చేనికి, అందులోనూ గెనిమ తెగిన చేనికి ఇంకా ఎక్కువే పోతుంది. మా హద్దురాయి చెప్పిన లెక్క మూడంగుళాలు.

పోయేది మన్ను ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. నీళ్ళు ముందు ఎత్తుకుపోయేది తేలికగా వుండే సన్నని రేణువులనూ, కుళ్ళిన ఆకూ పేడా కలిసిన సారాన్నీ. బరువైన గరుసు అక్కడే మిగులుతుంది. వేసిన ఎరువు కూడా సన్నమన్నుతో పాటే పోతుంది. కాబట్టి రెండో ఏడు ఎరువు ఎక్కువ వేయాలి, పంట మాత్రం తక్కువ వస్తుంది. గరుసునేలలో తేమ నిలవదు గనుక పదిరోజులు వాన మొహం చాటేస్తే చెట్టు వాడిపోతుంది. దీన్నే మనం "కాలం మంచిది కాదు" అని సరిపెట్టుకుంటాం.

మన వైపు వేరుశనగచేలకు మరొక చిక్కు వుంది. ఆషాఢంలో వానలకు విత్తుతాం. ఆశ్వయుజ కార్తీకాల్లో కాయ పీకుతాం. వరిని కోసినట్లు దీన్ని కోయడం కుదరదు, వేళ్ళతో సహా పెకలించాలి. అంటే చేనంతా గుల్లచేసి, పైన ఒక్క ఆకు కూడా లేకుండా, బోసిగా వదిలిపెడతాం. సరిగ్గా అప్పుడే ఈశాన్యపు వానలు దిగుతాయి. గుల్లబారిన మట్టిమీద వానచినుకు సుత్తిదెబ్బలా పడుతుంది. మట్టి చెదిరి, పైపొర మూసుకుపోయి, నీళ్ళు లోపలికి ఇంకక పైనే పారుతాయి. మొదట పలచని పొరలాగా, తరువాత సన్నని కాలువలుగా, ఇంకా తరువాత గండిగా.

పెద్దలకు ఈ సంగతి తెలుసు. వేరుశనగలో ఎనిమిది పది సాళ్ళకొక సాలు కంది ఎందుకు వేసేవారో నాకు ఇప్పుడు అర్థమయింది. కాయ పీకిన తరువాత కూడా కంది చేలో నిలబడి వుంటుంది. పుష్యమాసం దాకా దాని ఆకు చినుకుదెబ్బను ఆపుతుంది, దాని వేరు మట్టిని పట్టుకుంటుంది. ఆ సాలు ఏటవాలుకు అడ్డంగా వేస్తే సగం గెనిమ వేసినట్లే. పైగా ఇంటికి పప్పు. మా చేలో కంది వేయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఎందుకని అడిగితే, "సంక్రాంతికి చేను ఖాళీ చేసి ఇమ్మంటారని భయం," అన్నాడు గుత్తదారు. మళ్ళీ అదే మాట.

ప్రభుత్వాలు ఈ విషయంలో కళ్ళు మూసుకొని కూర్చోలేదు. ఏటవాలు చేలల్లో ఒకే మట్టానికి గెనిమలు వేయడానికి, కందకాలు తీయడానికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1949లోనే ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. వాటినే కాంటూరు గట్లంటారు. 1953లో కేంద్రంలో నేల సంరక్షణకు ఒక బోర్డు ఏర్పడింది. 1954లో బళ్ళారిలో, ఉదకమండలంలో పరిశోధన కేంద్రాలు వచ్చాయి. తరువాత 1959లో భూమి అభివృద్ధికి మరింత విస్తారమైన చట్టం తెచ్చారు. గెనిమ ఎంత ఎత్తు వుండాలి, ఎంత దూరానికొకటి వుండాలి అన్నది ఇప్పుడు కొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. వేసిన గెనిమను ఏటేటా చూసుకొనేదెవరు అన్నదే చిక్కు.

అమెరికాలో 1930 ప్రాంతాల్లో మైదానాల మన్ను గాలికి లేచి పగలే చీకటి కమ్మిన సంగతి చదివేవుంటారు. గడ్డినేల దున్ని గోధుమ వేశారు, వానలు తప్పాయి, మన్ను లేచిపోయింది. 1935లో అక్కడ నేల సంరక్షణకు ఒక శాఖనే పెట్టవలసి వచ్చింది. ఆ చేలల్లో కొన్ని పట్నాల్లో వుండేవారివట. విత్తడానికొకసారి, కోయడానికొకసారి పెట్టె చేతపట్టుకొని వచ్చి పోయేవారట. వారికి సూట్‌కేసు రైతులని పేరు పెట్టారు. అది చదివి నవ్వుకున్నాను. మాకు ఆ పెట్టె అయినా లేదు, గుత్తడబ్బుకు జేబుంటే చాలు.

ఇక మా కథకు వస్తాను. 2024 మే నెలలో గంగమ్మ జాతరకు వాటాదారులందరం పిన్ని యింట్లో కలిశాం. అప్పటికే ఇటుకబట్టీ వారొకరు పెదనాన్నగారి అబ్బాయిని కలిసి వెళ్ళారు. మూడడుగుల లోతు మన్ను తీసుకుంటారట. పదేళ్ళ గుత్త ఒక్కసారిగా చేతిలో పెడతారట. వారి కన్ను మరెక్కడో లేదు, కింది మూలలోని ఒండ్రుమీదే వుంది. పైనుంచి దిగివచ్చిన సారమంతా అక్కడే గదా వున్నది! ఆయనకు ఆ ఏడు కూతురి పెళ్ళి. డబ్బు అవసరం నిజమైనదే. అన్నగారు, "చేను ఎలాగూ పండడం లేదు, అమ్మితే పోలా," అన్నాడు. నేను హద్దురాయి సంగతి చెప్పాను. మాటకు మాట పెరిగింది. జాతరకు వచ్చిన బంధువుల ఎదుట గొంతులు లేచాయి.

పిన్ని అంతవరకూ వంటింటి గుమ్మంలో నిలబడి వింది. "గెనిమ తెగిందని నాకు ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగింది. ఎవరమూ మాట్లాడలేదు. "మన్ను అమ్ముకుంటే పట్టా మిగులుతుంది. పట్టా మీద విత్తుతారా?" అన్నది. పెళ్ళి ఖర్చుకు తన నగ ఒకటి కుదువ పెట్టి, తీరినప్పుడు తీర్చమన్నది. బట్టీవారికి వద్దని కబురు వెళ్ళింది. పెదనాన్నగారి అబ్బాయి మనసులో కొంత కష్టం వుండిపోయింది. ఆ మాట దాచను.

తరువాత గుత్త సంగతి. అయిదేళ్ళకు కాగితంమీద రాసి ఇద్దామని నేనన్నాను. "రాసి ఇస్తే చేను పోయినట్లే," అన్నాడు అన్నగారు. ఈ భయం మన ఇళ్ళల్లో అందరికీ వున్నదే. 1955లో మద్రాసు రాష్ట్రం సాగుదారుల రక్షణకు చట్టం తెచ్చింది. 1969లో కౌలు హక్కులు నమోదు చేసే చట్టం వచ్చింది. అప్పటినుంచి మన పెద్దలు నోటిమాటతో ఏడాదికొకసారి ఇవ్వడం, రెండు మూడేళ్ళకు మనిషిని మార్చడం అలవాటు చేసుకున్నారు. తెలిసిన వకీలుగారిని అడిగాను. ఆ చట్టం సొంత కష్టంతో సాగు చేసే కౌలుదారును కాపాడుతుంది, ఒప్పందం కాగితం మీద వున్నా నోటిమాటయినా ఒకటే అన్నారు. అంటే నోటిమాట మనల్ని ఏమీ కాపాడలేదు. చేనిని మాత్రం అనాథను చేసింది. ఎవరి చేను సంగతి వారు తమ వకీలును అడిగి తెలుసుకోవడం మంచిది. మా మట్టుకు మేము అయిదేళ్ళకు రాసి ఇచ్చాం. గెనిమ సామాను ఖర్చు మాది, వాటాల ప్రకారం. కష్టం అతనిది. ఏటవాలుకు అడ్డంగా దున్నాలి, కందిసాలు వేయాలి, కంది కోసేవరకూ చేను అతనిదే అని షరతులు.

2025 ఎండాకాలంలో పని జరిగింది. మట్టం చూడడానికి మేస్త్రీలు వాడే నీళ్ళట్యూబు సరిపోయింది. ట్యూబు రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తులో నిలిచే చోట్లు గుర్తు పెట్టుకుంటూ పోతే గెనిమ దారి తేలుతుంది. అది తిన్నగా రాదు, గుట్టతో పాటు వంకరలు తిరుగుతుంది. అడుగున అయిదడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టించాం. పొరపొరకూ నీళ్ళు చల్లి తొక్కించాం. ముఖ్యమైనది మరవ. నీళ్ళు ఎక్కువయితే పోవడానికి గెనిమకంటే అడుగు తగ్గున రాళ్ళు పేర్చి దారి వదలాలి. మా పాత గెనిమకు మరవ పూడిపోయి వున్నది, అందుకే తెగింది. చేలో ఏరిన రాళ్ళే దానికి సరిపోయాయి. గెనిమమీద వట్టివేరు నాటాం. దాని వేరు పక్కలకు పాకక నిలువున దిగుతుంది గనుక పంటకు అడ్డం రాదు. 2024లో వచ్చిన ఏర్పాటు ప్రకారం తాసీల్దారు అనుమతితో రైతులు చెరువు పూడిక ఉచితంగా తోలుకోవచ్చు. మేమూ తోలించాం, బండి బాడుగ మాత్రం పెట్టుకున్నాం. చెరువులో చేరిన మన్ను మరెవరి చేనిదో గదా. మొత్తం ఖర్చు మూడేళ్ళ గుత్తకు కొంచెం తక్కువయింది.

ఇదంతా ఒక్క చేనితో తీరే పని కాదు. పైచేను గెనిమ తెగితే కిందిచేను ఎంత బాగుచేసినా నిలవదు. ఈ విషయంలో మన వేలూరు పక్కనే చూసి నేర్చుకోదగిన పని జరిగింది. జవ్వాది కొండలవైపు నుంచి వచ్చే నాగనది ఏళ్ళతరబడి ఎండిపోయి వుండేది. పల్లెల్లోని ఆడవాళ్ళు పూనుకొని కాలువలు తవ్వారు, చిన్న అడ్డుకట్టలు కట్టారు, నీరు ఇంకే బావులు తీశారు. 2021 సెప్టెంబరు 26న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో ఆ పనిని పేరుపెట్టి చెప్పారు. అక్కడ కట్టినవి పెద్ద ఆనకట్టలు కావు. పైన పడిన నీటిని పరుగెత్తనీయకుండా నడిపించడమే దాని కిటుకు. నడిచే నీరు మన్నును మోయలేదు, నేలలోకి ఇంకుతుంది.

మా చేని ఫలితం అడుగుతారేమో. 2025 వానలకు గెనిమ నిలిచింది. ఒకచోట ఎండ్రకాయ బొరియవల్ల చిన్న గండి పడింది. ఈసారి గుత్తదారు కబురు పంపలేదు, తానే పూడ్చి తరువాత చెప్పాడు. మరవ మీదుగా పోయిన నీళ్ళు పూర్తిగా తేటగా లేవు గాని మునుపటి ఎరుపు తగ్గింది. పంట పెరిగిందని చెప్పడానికి ఒక్క ఏడు చాలదు. పోయిన మూడంగుళాలు మన కాలంలో తిరిగి రావు. అంగుళం మన్ను తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. ఇకముందు పోకుండా చూసుకోవడమే మన చేతిలో వున్నది. కంది మాత్రం పండింది, నాలుగు ఇళ్ళకూ పప్పు వచ్చింది. పెదనాన్నగారి అబ్బాయి తన వాటా ఖర్చు ఇంకా ఇవ్వలేదు. పప్పు మాత్రం తీసుకున్నాడు. అదీ ఒక శుభసూచకమే అనుకుంటున్నాను.

పాఠక సోదరీసోదరులకు ఒక మనవి. ఈ ఎండాకాలం ఒక ఆదివారం మీ చేనికి వెళ్ళండి. పిల్లల్ని వెంట తీసుకువెళ్ళండి. హద్దురాయి మెడ చూడండి, చెట్ల వేళ్ళు చూడండి, మరవ పూడిందేమో చూడండి. సాగు చేసే మనిషి పక్కన కాసేపు కూర్చొని అతను చెప్పేది వినండి. వాటాదారుల్లో ఎవరికి కబురు అందలేదో వారికి ముందు చెప్పండి. మీ చూపు గుత్త తగ్గించమనే మాటమీద కాకుండా ఎందుకు తగ్గిందన్న మాటమీద వుంటే, మావలె రెండేళ్ళు పోగొట్టుకోనక్కరలేదు.

వచ్చే నెల బావి మోటారు కరెంటు లెక్క చూద్దాం. సెలవు.